పత్తి కట్టె ఎవరి పొయ్యిలోకి?

పత్తి చివరి ఏరుడు అయిపోయాక మక్తల్ చుట్టుపక్కల చేలల్లో మిగిలేది ఎండు కట్టె. మాగనూరు వైపు పోయినా, ఊట్కూరు, నర్వ వైపు పోయినా అంతే. ఎండలు ముదరకముందే దాన్ని పీకి, కుప్పేసి అగ్గి పెడతారు. ఆ కట్టెనే తునకలు చేసి, ఆరబెట్టి, యంత్రంలో కుక్కి బ్రికెట్లుగా బాయిలర్లకు అమ్మవచ్చు. బొగ్గు వాడకం తగ్గుతుంది, చేలల్లో పొగ తగ్గుతుంది, రైతుకు నాలుగు పైసలు వస్తాయి. చెప్పుకోవడానికి ఇంత సులువైన పథకం ఇంకొకటి కనబడదు. అందుకే దీన్ని ఎవరో ఒకరు గట్టిగా అడ్డుకోవాలనిపించి ఈ సంవాదం రాశాను.

మాట్లాడే ముగ్గురూ కల్పితులే. మామది మక్తల్ మండలంలో పన్నెండెకరాల సేద్యం: పత్తి, కంది, కాలువ కింద కొంచెం వరి. మేనల్లుడు మెకానికల్ డిప్లొమా చేసి, ఒక మందుల కంపెనీ బాయిలర్ దగ్గర పనిచేసి, ఇప్పుడు సొంతంగా బ్రికెట్ల యూనిట్ పెడతానని కాగితాలు పట్టుకు తిరుగుతున్నవాడు. నడుమ నడుమ అత్త మాట్లాడుతుంది. ఊళ్లూ అంకెలూ మాత్రం నిజమైనవి.

అల్లుడు: మామా, నీకు పత్తి ఆరెకరాలు. కట్టె ఎండినంక ఎకరాకు టన్ను అటూ ఇటూ వస్తది. అంటే ఏటా ఆరు టన్నుల దాకా కాలవెడ్తున్నవ్. కిలో పత్తి కట్టెల 4000 కిలోకేలరీల దాకా వేడి ఉంటది. మన దేశంల కరెంటు కోసం కాల్చే బొగ్గుకు గూడ దగ్గర దగ్గర అంతే. పైగా ఆ బొగ్గు కాలితే నూటికి 35, 40 పాళ్లు బూడిద మిగుల్తది. పత్తి కట్టెకు ఐదారు పాళ్లే.

మామ: కాలవెడ్తున్నవ్ అంటవ్, నాకేమన్న సరదానా? కట్టె చేన్ల ఉంటే గులాబి రంగు పురుగు దాంట్లనే కాపురం పెడ్తది. వచ్చే ఏడు పత్తి ఏస్తే మొదటి పూతకే దిగుతది. జనవరి దాటినంక కట్టె ఉంచొద్దని వ్యవసాయ ఆఫీసర్లే చెప్తరు. పీకుదమంటే కూలోళ్లు దొరకరు. సగం ఊరు బొంబాయి, హైదరాబాదు పని మీద ఉంటది. ట్రాక్టరుతోని లేపి, కుప్పేసి, అగ్గిపుల్ల గీస్తే ఒక్క పూటల చేను సాఫయితది. ఒక్క అగ్గిపుల్ల ఖర్చు! నీ యంత్రం దానికంటె సస్తా పడ్తదా, అది చెప్పు ముందు.

అల్లుడు: పడ్తది. ఎందుకంటె నీకు ఖర్చు గాదు, నేనే ఎదురిస్త. ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డర్ తెచ్చి నీ చేన్లనే కట్టెను తునకలు జేస్త. తునకలయితే పురుగు గూడ బతకదు. కట్టెను అట్లనే ఎత్తుకపోయి ఎక్కడనో కుప్పేస్తే పురుగును బండి మీద ఊరేగించినట్టే. ముంబైల సిర్కాట్ అని పత్తి పరిశోధన సంస్థ ఉన్నది. వాళ్లు పత్తి కట్టెను ఏరి, తునకలు చేసి, బ్రికెట్లు, పెల్లెట్లు చేసే పద్ధతి మీద ఏండ్ల కొద్ది పని జేసిండ్రు. నేను కొత్తగ కనిపెట్టిందేం లేదు.

మామ: మరి కట్టె ఉండకట్టుకోవాలంటే ఏం కలుపుతవ్? పేడనా, మైదా జిగురా?

అల్లుడు: ఏం కలప. జిగురు కట్టెలనే ఉన్నది. లిగ్నిన్ అంటరు. చెట్టును నిటారుగ నిలవెట్టేది అదే. బెల్లం వేడికి పాకమైనట్టు, ఒత్తిడికి వేడి పుట్టి ఆ లిగ్నిన్ మెత్తవడ్తది, చల్లారినంక బిగుస్తది. మిషన్ల ఒక ఇనుప ర్యామ్ ఉంటది. నిమిషానికి 200కు పైన దెబ్బలు కొడ్తది. చదరపు సెంటీమీటరు మీద వెయ్యి కిలోలకు పైన ఒత్తిడి. అటు పొట్టు వోస్తే ఇటు డై నుంచి 90 మిల్లీమీటర్ల లావు దుంగ తీగెలెక్క సాగుకుంట వస్తది. నీళ్లల్ల ఎయ్యనంత వరకు విరగదు. వదులు కట్టె ఘనపు మీటరుకు వంద కిలోలు గూడ తూగదు. బ్రికెట్ అయినంక లారీల అదే జాగల 600, 700 కిలోలు పడ్తది.

మామ: తేమ ఉంటే?

అల్లుడు: అదొక్కటే దాని పట్టుదల. 10, 12 శాతం దాటొద్దు. ఎక్కువుంటే లోపల ఆవిరై దుంగ పగుల్తది, ఒక్కోసారి డై నుంచి ఎగిరి ఎనకకు తంతది.

మామ: జూన్ల వానలు మొదలైతయ్. అక్టోబరు దాకా గాలిలనే తేమ. అప్పుడు నీ మిషన్ ఏం జేస్తది? కందెన పెట్టుకొని పండుకుంటదా?

అల్లుడు: డ్రయ్యర్ పెడ్త.

మామ: డ్రయ్యర్ దేనితోని నడుస్తది?

అల్లుడు: అదే పొట్టు కాల్చి.

మామ: మంచిగున్నది. అమ్మేటిదాంట్ల కొంత నువ్వే తింటవ్. ఇంగొకటి అడుగుత. పత్తిని ట్రాక్టరుతోని లేపితే ఏరుకు మన్ను వట్టుకొని వస్తది. మా నల్లరేగడి మన్ను సామాన్యంగ విడువది. ఆ మన్నుతోని కట్టె మిషన్ల వోస్తే?

అల్లుడు (కొంచెం ఆగి): డై అరుగుతది, ర్యామ్ కొన అరుగుతది. ఊక వోసినా అంతే. ఊకల ఇసుకలాంటి సిలికా ఉంటది. అందుకే నేను ఏరును అడుగను. నేల మీద జానెడు విడిచి కోస్త.

మామ: ఆ జానెడు మోడు ఎవడు తీస్తడు? పురుగు దాంట్ల ఉండదా?

ఇక్కడ నడుమ ఒక మాట. బ్రికెట్ యంత్రాలు అమ్మేవాళ్ల లెక్కల్లో ముడిసరుకు ధర దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. మోడు, మన్ను, తేమ ఆ లెక్కల్లోకి రావు. యూనిట్లు మూతపడే కారణాలు మాత్రం ఎక్కువగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. అల్లుడు బాయిలర్ దగ్గర పనిచేసినవాడు గనుక మంట సంగతి బాగా తెలుసు. మన్ను సంగతి మామకు తెలుసు.

మామ: సరే, కరెంటు లెక్క చెప్పు. నీ మిషన్‌కు మోటరు ఉంటది. ఆ కరెంటు బొగ్గుతోనే గద వచ్చేది. బొగ్గు కాల్చి, కట్టెను దుంగ జేసి, బొగ్గు మిగిల్చిన అంటవ్. పిచ్చోని లెక్క గాదా?

అల్లుడు: ఇదొక్కటి నేను గెలుస్త మామా. టన్ను బ్రికెట్ చేయనీకి 50 యూనిట్లు అటూ ఇటూ అయితది. తునకలు చేసేటిది, ఆరబెట్టేటిది కలిపి వంద అనుకో. ఆ వంద యూనిట్లు పుట్టనీకి థర్మల్ స్టేషన్ల మూడింతల వేడి కావాలె, అంటే 300 యూనిట్లకు సమానం. టన్ను పత్తి కట్టెల వేడి ఎంత? 40 లక్షల కిలోకేలరీలు. యూనిట్లల్ల చెప్తే 4600 పైన. 300 పెట్టి 4600 తీస్తున్న.

మామ: డీజిల్?

అల్లుడు: పది, పదిహేను కిలోమీటర్ల లోపలయితే దాని మీద పడేది చానా తక్కువ.

మామ: యాభై కిలోమీటర్లయితే?

అల్లుడు: అప్పుడు గూడ శక్తి లెక్కల లాభమే. పైసల లెక్కల మునుగుత. ట్రాలీ నిండ కనవడ్తది గని కాంటా ఎక్కిస్తే టన్ను తూగదు. పోను రాను వంద కిలోమీటర్లు, ట్రాక్టరు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే 25 లీటర్లు. లీటరు 95 రూపాయల పైననే. ఒక్క టన్నుకు రెండు వేల మూడొందలకు పైన డీజిల్‌కే పాయె. ఇగ కట్టెకు ఏమియ్యాలె, కూలికి ఏమియ్యాలె?

మామ: ఇప్పుడు దారికొచ్చినవ్. నీ మిషన్ గంటకు ఎంత తింటది?

అల్లుడు: టన్ను. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే 3000 టన్నులు.

మామ: అంటే 3000 ఎకరాల కట్టె. చెల్క పొలాలల్ల ఎకరాకు టన్ను గూడ రాదు, ఇంకా ఎక్కువ ఎకరాలే వట్టాలె. అదంత జనవరి నుంచి మార్చి దాకా, మూడు నెలలల్ల ఏరాలె. మిగిలిన తొమ్మిది నెలలు మిషన్‌కు మేత దాసిపెట్టాలె. ఎంత జాగ గావాలె?

అల్లుడు: తునకలు చేసి పోస్తే ఎకరన్నర. కట్టెగనే పెడ్తే మూడెకరాలు. అది గూడ నాలుగు మీటర్ల ఎత్తు కుప్ప.

అత్త: నాలుగు మీటర్ల ఎండు కట్టె కుప్ప మూడెకరాలంత, అది గూడ ఎండాకాలంల! ఎవడో ఒకడు బీడీ పారేస్తే?

అల్లుడు: అందుకే అత్తా, ఒకే కాడ పెట్ట. నాలుగైదు ఊర్లల్ల పెడ్త. ఒక్క పత్తి మీదనే ఆధారపడ. కంది కట్టె జనవరిల వస్తది. పల్లికాయ కొట్టే మిల్లుల పొట్టు ఉంటది. దానంత మంచి సరుకు లేదు. సన్నగనే ఉంటది, తునకలు చేసే పని లేదు, తేమ తక్కువ. వనపర్తి, గద్వాల దిక్కు పల్లి మిల్లులున్నయ్. ఇగ కాలువ కింద వరి ఉన్నది, గడ్డి ఉన్నది...

మామ: ఆగు. వరిగడ్డి పేరెత్తకు.

అల్లుడు: ఎందుకు? సంగంబండ, భూత్పూర్ రిజర్వాయర్లు నిండినంక మక్తల్ దిక్కు వరి ఎంత పెరిగింది? హార్వెస్టరు కోసినంక గడ్డి చేన్లనే పడి ఉంటది. చానామంది కాలవెడ్తున్నరు గూడ.

మామ: కాలవెట్టేటోళ్లను తిట్టు, నేను గూడ తిడ్త. కాని ఆ గడ్డి మీద మొదటి హక్కు గొడ్లది. ఈ పాలమూరు గొర్లకు పేరున్న జాగ. పత్తి ఏరినంక గొల్ల కుర్మలు మందను చేన్లకు తోల్తరు. మిగిలిన ఆకు, గుడ్డి కాయ మేసి, రాత్రిపూట మంద అక్కడనే పండుకుంటే చేనుకు ఎరువైతది. దానికి మేమే ఎదురు పైసలిస్తం. కంది పొట్టు బర్లకు, పల్లి కట్టె ఎడ్లకు. కరువు ఏడు వస్తే వరిగడ్డి బంగారం ధర పలుకుతది. నువ్వు బేలర్ పెట్టి ఊరవతలికి ఎత్తుకపోతే, ఆ ఏడు మన్ను తినాల్నా గొడ్లు?

అల్లుడు: వరిగడ్డి వద్దంటే వదిలేస్త. నిజం చెప్తే అది బాయిలర్‌కు గూడ మంచిది గాదు. దాంట్ల బూడిద నూటికి పదిహేను పాళ్ల దాకా ఉంటది, పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. బాయిలర్ గొట్టాల మీద గాజులెక్క కరిగి అంటుకుంటది. గీకి తీసేసరికి పాణం పోతది. నేను చేసిన ఉద్యోగంల సగం అదే పని.

మామ: అంటే బాయిలర్‌కు కష్టం గనుక విడుస్తున్నవ్, గొడ్ల కోసం గాదు. మంచిదే, ఎట్లనో విడిచినవ్.

మామ మాటలో ఒక లెక్క దాగి ఉంది, దాన్ని ఆయన చెప్పలేదు గనుక నేను చెప్తాను. టన్ను వరిగడ్డిలో 5, 6 కిలోల నత్రజని, 25 కిలోల దాకా పొటాషియం ఉంటాయి. మన దేశంలో రైతు సంచుల్లో కొనే పొటాష్ ఎరువు దాదాపు అంతా దిగుమతే. గడ్డిని ఊరి నుంచి లారీ ఎక్కించడం అంటే ఆ పొటాషియాన్ని కూడా ఎక్కించడమే. అది బాయిలర్ అడుగున బూడిదగా మిగులుతుంది. ఆ బూడిద మక్తల్ చేనుకు తిరిగి రాదు. పత్తి కట్టెలో ఇంత పొటాషియం ఉండదు. పైగా దాన్ని నేలలో కలిపితే వరిగడ్డిలాగా తొందరగా చివకదు. కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. 'వ్యవసాయ వ్యర్థాలు' అని ఒకే పద్దు కింద రాసే పథకాలన్నీ ఈ తప్పు చేస్తున్నాయి.

అల్లుడు: గిరాకీ సంగతి చెప్పనియ్యి మామా. జడ్చర్ల కాడ పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీలున్నయ్. వాటికి రాత్రి పగలు ఆవిరి గావాలె. మన రోడ్డే, 167 నంబరు హైవే, నేరుగ పోతది. ఇటు దిక్కు కృష్ణా దాటితే శక్తినగర్. రాయచూర్ థర్మల్ స్టేషన్ 1720 మెగావాట్లు. 1985 నుంచి నడుస్తున్నది. థర్మల్ స్టేషన్లు బొగ్గుల 5 శాతం కట్టె పెల్లెట్లు కలపాలని కేంద్రం 2021 అక్టోబరుల పాలసీ చేసింది. 2023ల గడువు జరిపి, 2024-25 నుంచి 5 శాతం తప్పనిసరి అన్నది. మన ఊరి కాడికే అంత పెద్ద గిరాకీ వచ్చి కూసున్నది.

మామ: పెల్లెట్ అంటున్నవ్. నువ్వు చేసేది బ్రికెట్ గదా?

అల్లుడు: అవును, అది వేరే. థర్మల్ స్టేషన్ల బొగ్గును పిండి చేసి ఊదుతరు. 90 మిల్లీమీటర్ల దుంగ ఆ పిండి మరల పడదు. వేలంత పెల్లెట్ గావాలె. దానికి పొట్టు ఇంకా సన్నగ జేయాలె, కరెంటు ఎక్కువ, డై ఖర్చు ఎక్కువ. మొదట బ్రికెట్, నిలదొక్కుకున్నంక పెల్లెట్.

మామ: అక్కడ 5 శాతం అంటే ఎంత?

అల్లుడు: స్టేషన్ పూర్తిగ నడిస్తే రోజుకు 20 వేల టన్నులకు పైన బొగ్గు. 5 శాతం అంటే వెయ్యి టన్నులు.

మామ: రోజుకా?

అల్లుడు: రోజుకే.

మామ: అంటే రోజుకు వెయ్యి ఎకరాల కట్టె. ఏడాదికి మూడున్నర లక్షల ఎకరాలకు పైన! అల్లుడా, ఆ నోట్లె మక్తల్ మొత్తం ఎత్తి పోసినా అది నమలదు. మరి వాళ్లు కొనుడు మొదలువెడ్తే ఇక్కడ కట్టెకు ఏమైతదో తెల్సా? నీ వయసు పిల్లగాండ్లకు తెల్వదు, నేను చూసిన. 2000 దాటినంక ఆంధ్రప్రదేశ్‌ల చిన్న చిన్న కట్టె కరెంటు కంపెనీలు మస్తు వచ్చినయ్. ఐదారు మెగావాట్లవి. ఊక కాలుస్తమన్నరు. అందరు ఊక మీద పడేసరికి ఊక ధర పెరిగింది. సర్కారు తుమ్మ మీద పడ్డరు. కరెంటు రేటు తక్కువిచ్చిండ్రని కేసులు, 2010 దాకా సుప్రీంకోర్టుల నడిచింది. ఆఖరికి చానా మూతవడ్డయ్. మిషన్ చెడిపోయి కాదు, మేత దొరకక, గిట్టక.

అల్లుడు: ఆ ప్లాంట్లు పెద్దవి మామా. ఒక ఆరు మెగావాట్ల ప్లాంటు ఏడాదికి 50, 60 వేల టన్నులు తింటది. నాది మూడు వేలు. అదీగాక కట్టెతోని కరెంటు చేస్తే నాలుగింట మూడు పాళ్ల వేడి గాలిల పోతది. బాయిలర్ల ఆవిరి చేస్తే నాలుగింట మూడు పాళ్లు పనికొస్తది. నేను కరెంటు చేస్తలేను. ఆవిరికి అమ్ముత.

ఈ మాట విన్నాక మామ కొంచెంసేపు మాట్లాడలేదని రాయాలి. సంవాదంలో అల్లుడి తరఫున ఉన్న అన్నింటికంటే గట్టి వాదం ఇదే. మన విధానాలు జీవ ఇంధనం అనగానే కరెంటు వైపు పరుగెత్తుతాయి, ఎందుకంటే మెగావాట్లు లెక్కపెట్టడం సులువు. పత్తి కట్టె విలువ వేడిలో ఉంది. ఇంగ్లాండులో డ్రాక్స్ అనే పెద్ద బొగ్గు స్టేషన్‌ను కట్టె పెల్లెట్లకు మార్చారు. ఆ పెల్లెట్లు ఎక్కువగా అమెరికా అడవుల నుంచి ఓడల్లో వస్తాయి. దాన్ని పునరుత్పాదక శక్తి అనవచ్చా అని అక్కడ ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. మక్తల్ ఆ దారి పట్టాల్సిన పని లేదు.

మామ: సబ్సిడీ ఉన్నదా?

అల్లుడు: ఉన్నది. 2022 నవంబరుల కేంద్రం జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమం అని మార్గదర్శకాలిచ్చింది. బ్రికెట్, పెల్లెట్ యూనిట్లకు గంటకు టన్ను సామర్థ్యం చొప్పున 9 లక్షలు, మొత్తం 45 లక్షలు మించకుండ. అది మొదట పెట్టిన లెక్క.

మామ: గంటకు ఎంత చేస్తదో దాన్ని బట్టి ఇస్తరా? ఏడాదికి ఎంత చేసిందో దాన్ని బట్టి కాదా?

అల్లుడు: నడిపి చూపించినంక తనిఖీ చేసే ఇస్తరు.

మామ: తనిఖీ రోజు అందరి మిషన్ నడుస్తది.

అత్త: మీ ఇద్దరికి ఒక మాట యాదికి లేదు. కట్టె మామదే అనుకుంటున్నరు. ఆరెకరాల కట్టెల మనం అగ్గివెట్టేది మొత్తమా? పాలేరు ఇంటోళ్లు నాలుగు మోపులు కొంటవోతరు. వాడకట్టుల భూమి లేనోళ్లు ఎంతమంది వచ్చి కట్టుకపోతరు? కంది కట్టె అయితే మనకే సాలదు. గ్యాసు బండ అందరిండ్లల్ల ఉన్నది, అయినా నీళ్లు కాగవెట్టేది, జొన్న రొట్టెలు చేసేది కట్టెల పొయ్యి మీదనే. బండకు పైసలు గావాలె, కట్టెకు మోపు ఎత్తితే సాలు. నువ్వు కాంటా పెట్టి కిలోకు ఇంత అంటే, రేపటి సంది మీ మామ ఒక్క మోపు గూడ ఉత్తగ ఇయ్యడు. పైసలొచ్చే సరుకును ఎవడిస్తడు?

మామ: నేను అట్లాంటోన్నా?

అత్త: ఇప్పుడు కాదు. కాంటా వచ్చినంక.

అల్లుడు: అత్తా, కంది కట్టెను నేను ముట్ట. పత్తి కట్టెల గూడ ఊరోళ్లు ఎత్తుకపోయినంక మిగిలిందే కొంట. ఫిబ్రవరి మొదటి వారం దాకా ఎవరి మోపు వాళ్లు కట్టుకోనీకి టైం ఇద్దం. అంతకంటె ఆలస్యమైతే పురుగుకు మంచిది గాదు.

అత్త: ఇండ్ల ముందర పెట్టుకున్న కుప్పలల్ల గూడ పురుగు ఉంటదని నువ్వే అన్నవ్.

అల్లుడు: ఉంటది. దానికి నా దగ్గర జవాబు లేదు. కుప్పను తొందరగ కాల్చుకొనుడే.

అత్త: ఇగ కాంటా కాడ కూసునేది ఎవరు? దళారి వచ్చి, "తేమ ఎక్కువున్నది" అని నూటికి ఇరవై కోస్తడు. వడ్ల కాడ చూస్తలేమా? మా మహిళా సంఘం వడ్ల సెంటరు నడుపుతది. కాంటా ఉన్నది, తేమ మిషన్ ఉన్నది, టార్పాలిన్లున్నయ్. వడ్లు లేని నెలలల్ల అవి ఉత్తగనే ఉంటయ్. కట్టె ఆడ తూకమైతే నీకు సమ్మతమేనా?

అల్లుడు: (నవ్వి) దళారి కమీషన్ మీకిస్త.

అత్త: కమీషన్ కాదు, తూకం కూలి.

మామ: ఇంకొక దారి గూడ ఉన్నది అల్లుడా, నువ్వు చెప్తలేవు. హైదరాబాదుల క్రీడా వాళ్లు, మెట్ట సేద్యం పరిశోధన చేసేటోళ్లు, పత్తి కట్టె, కంది కట్టెను గాలి తగలకుండ డ్రమ్ములల్ల మగ్గవెట్టి బయోచార్ చేసే పద్ధతి పెట్టిండ్రు. ఆ బొగ్గును చేన్లనే కలుపుతరు. మన్ను నీళ్లు పట్టుకుంటది. అట్ల చేస్తే ఏ లారీ ఎక్కేది లేదు, నా చేను సొమ్ము నా చేన్లనే ఉంటది.

అల్లుడు: ఉంటది. కాని నీకు పైసలెవరిస్తరు? నాలుగు టన్నుల కట్టెకు టన్ను బొగ్గు వస్తది. రోజంత డ్రమ్ము కాడ కూసోవాలె. ఇందాక పీకనీకే కూలోళ్లు దొరకరన్నవ్.

మామ: అది నిజమే. చెల్కల, నీళ్లు నిలువని జాగల మాత్రం చేసి చూస్త. ఎకరమో, రెండెకరాలో. మిగిలింది నీకు.

అల్లుడు: అంటే ఒప్పుకున్నట్టేనా?

మామ: ఒప్పుకోలే. షరతులు చెప్త, నువ్వు ఒప్పుకుంటవో లేదో చూడు. మిషన్ ఒక్కటే. మక్తల్, మాగనూరు, నర్వ, ఊట్కూరు, ఇంతవరకే. వరిగడ్డి ముట్టొద్దు. జానెడు మోడు విడిచి కోస్తే ఆ మోడు దున్నే ఖర్చు నీది. తూకం సంఘం కాడ. పైసలు పదిహేను రోజులల్ల, జిన్నింగు మిల్లోని లెక్క మూడు నెలలు కాదు. రేటు నువ్వు చెప్పు.

అల్లుడు: రేటు నేనే అనుకుంటే అయ్యేది గాదు మామా. బాయిలరోడు బొగ్గు రేటు చూసి నాకు రేటు గడ్తడు. బొగ్గు తగ్గితే నన్ను తగ్గించమంటడు. కింద కూలి రేటు, డీజిల్ రేటు ఏటా పెరుగుతయ్. నడుమ నేనుంట. బొగ్గు ధరకు ముడివెట్టి నీకు మాటిస్తే ఏదో ఒక ఏడు తప్పుత.

మామ: తప్పిన ఏడు ఏం జేస్తవ్?

అల్లుడు: ఆ ఏడు ష్రెడ్డర్ మాత్రం తెచ్చి, తునకలు నీ చేన్లనే పరిచి పోత. అగ్గి పెట్టే పని తప్పుతది.

మామ: ఈ మాట కాగితం మీద రాసియ్యి. సంతకం చేస్త.

ఇద్దరిలో ఎవరు గెలిచారని అడిగితే, అల్లుడి యంత్రం గెలిచింది, అల్లుడి మొదటి లెక్క ఓడింది అంటాను. పత్తి కట్టెతో బ్రికెట్ చేయడం మంచి పనే. ఒక ప్రాంతంలో ఒక యంత్రం నడుస్తుంది, రెండో యంత్రం వస్తే రెండూ ఆకలితో ఉంటాయి, మూడోది వరిగడ్డి మీద పడుతుంది. రోజుకు వెయ్యి టన్నులు అడిగే థర్మల్ స్టేషన్‌ను నమ్ముకొని ఊరి యూనిట్ పెట్టుకోవద్దు. ఆవిరి కావలసిన బాయిలర్‌ను నమ్ముకోవాలి. అత్త చెప్పిన తూకం ఏర్పాటు లేకుండా ఏ యూనిట్‌కూ అనుమతి ఇవ్వకూడదు.

నారాయణపేట జిల్లా వ్యవసాయ, పరిశ్రమల అధికారులకు ఒక విన్నపం. బ్రికెట్ యూనిట్ దరఖాస్తు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు గంటకు ఎన్ని టన్నులు అని అడగడంతో సరిపెట్టకండి. ఆ యూనిట్ చుట్టూ పదిహేను కిలోమీటర్ల లోపల, ఊరివాళ్లు పొయ్యికి ఎత్తుకుపోయినది పోగా, పశువుల మేత పోగా, నిజంగా చేలలో కాలుతున్న పత్తి కట్టె ఎంతో ఒక ఫిబ్రవరిలో తిరిగి లెక్క రాయించండి. ఆ లెక్కను గ్రామ పంచాయతీ గోడ మీద అంటించి, ఆ తర్వాతే సబ్సిడీ కాగితం మీద సంతకం పెట్టండి.